పెద్ద రోజు, చిన్న రోజు

నిరుడు మే నెలలో ఒక మధ్యాహ్నం సూదిలోకి దారం ఎక్కలేదు. నేను చీరలకు ఫాల్ కుడతాను. కళ్ళు మూసుకుని కూడా దారం ఎక్కించగలనని గొప్పలు పోయే మనిషిని. ఆ రోజు కళ్ళు తెరిచినా బెజ్జం కనిపించలేదు. కరెంటు తగ్గిందేమోనని మా చాలీలో గదులన్నిటి ముందూ సాగే గ్యాలరీలోకి వచ్చి ఎండలో పట్టుకుని చూశాను. ఎండలోనూ లేదు. మా అమ్మాయి వైష్ణవిని పిలిస్తే ఒక్క చూపులో ఎక్కించి ఇచ్చి, "నలభై దాటినయి గదా అమ్మా, చష్మా పెట్టుకో" అని తన కాలేజీ పుస్తకంలోకి వెళ్ళిపోయింది.

సూది సంగతి సరే. నన్ను భయపెట్టింది ఆ సాయంత్రం తెరిచిన పుస్తకం. అక్షరాలన్నీ నీళ్ళలో నానిన అటుకుల్లా ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

పుస్తకం నాకు ఏమవుతుందో ముందు చెప్పాలి. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి ముంబై పక్కనున్న ఈ భివండి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి ఏడో తరగతి వరకు మరాఠీలో చదివాను. తెలుగు అక్షరాలు గోడ మీది క్యాలెండర్ చూసి, వారాల పేర్లు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. పెళ్ళయి ఈ చాలీకి వచ్చాక మా తెలుగువాళ్ళ సమాజం హాలు మేడ మీద గ్రంథాలయం ఉందని తెలిసింది. ఉన్నవి మూడు అలమారాలే. నవలలు, చరిత్ర, వంటలు, హోమియోపతి, కోళ్ళ పెంపకం, ఏదీ వదల్లేదు. మా చాలీలో కోడి నిలబడే చోటు కూడా లేదు కానీ కోడికి వచ్చే జబ్బులు అడగండి, వరసగా చెబుతాను. బడి నాకు ఇవ్వనిది ఆ మూడు అలమారాలు ఇచ్చాయి. అందుకే అక్షరం చెదిరేసరికి, నా చేతిలోంచి ఎవరో కంచం లాక్కున్నట్టయింది.

ధామన్కర్ నాకా అనే కూడలి దగ్గర అద్దాల దుకాణంలో కళ్ళజోడు చేయించుకున్నాను. పది రోజులు బాగానే కనిపించింది. తర్వాత అవే అద్దాలతో ఇంకా మసక. నోరు ఎండడం, రాత్రి పదే పదే లేవడం కూడా ఉన్నాయి కానీ అవి ఎండాకాలం లెక్కలో వేసుకున్నాను. పక్క గదిలో మరియక్క ఉంటుంది. ఆమెది వరంగల్ దగ్గరి ఊరు, ఇక్కడొక దవాఖానాలో ఆయా. నేను చెంబు తర్వాత చెంబు నీళ్ళు తాగడం రెండు రోజులు గమనించి, మూడో రోజు చెప్పులేసుకుని వచ్చి నా చేయి పట్టుకుంది. రక్తం తీశారు. కాగితం చూసిన కాంపౌండరు, చాయ్‌లో చక్కెర వేసుకుంటున్నావా, చక్కెరలో చాయ్ పోసుకుంటున్నావా అని అడిగాడు.

అట్లా నాకు షుగరు ఉందని తెలిసింది. తిండికి ముందు వేసుకోమని మాత్ర రాసిచ్చారు.

వారం తర్వాత కల్యాణ్‌లో కళ్ళ ఆసుపత్రి. కంట్లో చుక్కలు వేసి, కళ్ళు మూసుకుని వరండాలో కూర్చోమన్నారు. బెంచీల నిండా మనుషులు, అందరూ కళ్ళు మూసుకుని తలలు వంచుకుని ఉన్నారు. ఎవరి నంబరు పిలుస్తున్నారో తెలియక కళ్ళు తెరవబోతే, పక్కనున్న ఒక మరాఠీ ముసలమ్మ నా మోకాలు తట్టి, నువ్వు కళ్ళు మూసుకో, నేను చూస్తున్నాలే అంది. ఆమె మనవడి కోసం వచ్చిందట. గంటకు పైగా, తనకు సంబంధం లేని నా నంబరును ఆమె మోసింది. ఆమె పేరు అడగలేదు. చుక్కల వల్ల ముఖం కూడా సరిగా తెలియలేదు. గాజుల చప్పుడు మాత్రం గుర్తుంది.

డాక్టరు మెత్తగా మాట్లాడాడు కానీ మాట దాచలేదు. కంటి వెనక మచ్చలు మొదలయ్యాయి, ఇంకా చిన్నవే. చక్కెర దిగి, దిగిన చోట నిలిస్తే అవి ఆగవచ్చు, తగ్గవచ్చు కూడా. నిలవకపోతే ముందు పోయేది చదువు అన్నాడు. ఏడాది తర్వాత మళ్ళీ చూస్తానన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, ఇది మీరందరూ గుర్తుంచుకోండి: చక్కెర ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడు కంటి నంబరు కూడా మారుతూ ఉంటుందట, అది స్థిరపడేదాకా అద్దాలు చేయించకూడదట. మా ఆయన బయటికి వస్తూ నా కొత్త కళ్ళజోడు తీసి తను పెట్టుకున్నాడు.

"ఇవి నేను పెట్టుకుంట తియ్యి. కార్ఖానల సేటు లెక్క కనవడ్త."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

జూన్ నెలంతా నేను పండితురాలిని. గ్రంథాలయంలో షుగరు మీద ఉన్న పుస్తకాలన్నీ తెచ్చాను. పెద్ద అక్షరాలవి నేను చదివాను, చిన్న అక్షరాలవి ఒక్కొక్క వాక్యం భూతద్దం పెట్టి లాగాను. ఆరింటికి నడక, ఏడింటికి మాత్ర, ఏడున్నరకు జొన్నరొట్టె, ఒంటిగంటకు పప్పూ కూరా, ఏడింటికి రాత్రి తిండి అని ఒక పట్టిక రాసి పొయ్యి పక్కన అంటించాను. అందులో నిమిషం కూడా వృథా లేదు. లేనిదల్లా మా ఇల్లు.

మా ఆయనదీ సాంచాల పనే, ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. పొద్దున ఎనిమిదికి ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగుతాడు. మరుసటి వారం అదే తిరగబడుతుంది. శుక్రవారం కార్ఖానా బంద్, ఆ రోజే పాళీ మారుతుంది. అందుకే మా ఇంట్లో వారం ఆదివారంతో కాదు, శుక్రవారంతో తిరుగుతుంది. పగటి పాళీ వారంలో నా పట్టిక అద్భుతంగా నడిచింది. రాత్రి పాళీ రాగానే రెండో రోజుకే కూలింది. ఆయన పొద్దున వచ్చి తిని పడుకోవాలి, ఒక్క గది. దీపం తీయాలి, చప్పుడు ఉండకూడదు. సాయంత్రం నేను తినాల్సిన వేళకు ఆయన డబ్బా కట్టాలి. ఒక పూట తప్పితే నాకు మొత్తం వారం తప్పినట్టే. ఎట్లాగూ పోయింది కదా అని నాలుగు చపాతీలు, పైన చాయ్. మళ్ళీ వచ్చే శుక్రవారం నుంచి కొత్తగా.

ప్రతి గురువారం సాయంత్రం జిలేబీకి వీడ్కోలు చెప్పేదాన్ని. రేపటి నుంచి ముట్టను కాబట్టి ఇవాళ రెండు ఎక్కువే తినాలి. ఆ వీడ్కోళ్ళు ఎన్నిసార్లు అయ్యాయో, జిలేబీకి నా మీద నమ్మకం పోయి ఉంటుంది. వైష్ణవి "ఉద్యాపాసూన్ వచ్చింది" అని నన్ను పిలవడం మొదలుపెట్టింది. మరాఠీలో 'రేపటి నుంచి' అని. మా ఆయన అయితే, "నీ శుక్కురారం ఏ ఏడాది వస్తదే?" అనేవాడు. పరీక్షలో చక్కెర దిగలేదు. మచ్చల మాట ఎవరూ ఎత్తలేదు కానీ ముగ్గురం దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాం.

జూలైలో వానలు పట్టుకున్నాయి. అది రాత్రి పాళీ వారం. పట్టిక ప్రకారం ఏడింటికి మాత్ర వేసుకున్నాను. రొట్టె మాత్రం తినలేదు. రాత్రి పాళీ వారంలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చునేది ఆ పొద్దుటి పూట ఒక్కటే. ఆయనకు వడ్డించి, కార్ఖానా కబుర్లు విని, ఆయన సగం తిన్నాక నేను కంచం పెట్టుకుంటాను. ఇది ఎవరో చెప్పిన నియమం కాదు. మా అత్తమ్మ బతికి ఉన్నప్పుడు కూడా అనలేదు. మాకై మేము అలవాటు చేసుకున్నది. పన్నెండు గంటలు చప్పుడులో నిలబడి వచ్చిన మనిషి ఒంటరిగా తినకూడదని నా పట్టింపు.

ఆ రోజు రోడ్ల మీద నీళ్ళు నిలిచి, ఆయన తర్వాతి పాళీ మనిషి రాలేదు. నడుస్తున్న సాంచాలు వదిలి రాలేక ఈయనే నడుపుతున్నాడు. తొమ్మిదయింది, తొమ్మిదిన్నర దాటింది. నాకు చెమటలు పోశాయి, చేతులు వణికాయి. ఆకలే కదా, వస్తూనే ఉంటాడు అనుకున్నాను. గ్యాలరీలో గిన్నెలు తోముతుండగా గోడ నా మీదికి వంగినట్టనిపించింది. తర్వాత తెలిసింది, వంగింది నేనని.

కళ్ళు తెరిచేసరికి నా తల మరియక్క ఒళ్ళో ఉంది. ఆమె చాయ్‌లో చక్కెర గుమ్మరించి చెంచాతో నోట్లో పోస్తోంది. ఎవరో షుగరు మనిషికి చక్కెర పోస్తావేంటని అడ్డుపడుతున్నారు.

"నువ్వు జెర ఆగు. దిగిపోయిందే ఆమెకు, ఎక్కలే. మింగు చెల్లె, మింగు" అంటోంది మరియక్క.

నేను మూడు అలమారాలు చదివాను. చక్కెర ఎక్కడం గురించి ఎంతో చదివాను, దిగడం గురించిన పేజీలు నాకు కాదులే అని దాటేశాను. మాత్ర వేసుకుని తినకపోతే చక్కెర ఇట్లా పడిపోతుందని ఆ పేజీల్లోనే ఉంది. మీరు దాటేయకండి.

గైబీ నగర్ వీధుల్లో నిలిచిన నీళ్ళలోంచి రిక్షా పడవలా వెళ్ళింది. మాత్ర రాసిచ్చిన దవాఖానాలోనే మరాఠీ డాక్టరమ్మ, చిన్న వయసు, నా కథంతా విని ఒక్క ప్రశ్న అడిగింది: తిండికి ముందు వేసుకోమన్నాం కదా, తిండి ఎప్పుడు? ఆయన వచ్చినప్పుడు అన్నాను. ఆమె కలం కింద పెట్టి నా వైపు చూసి, మాత్రను గడియారానికి కాదు, కంచానికి కట్టు అంది. కంచం ముందుకు వచ్చాకే మాత్ర, వెంటనే ముద్ద. అది ఏ వేళ అన్నది తర్వాతి మాట, పూటకూ పూటకూ మధ్య ఎక్కువ ఎడం రాకుండా చూసుకో. తప్పిన పూటకు వారమంతా శిక్ష వేయకు.

మా ఆయన తల మీద దూదిపింజలతో, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి వచ్చాడు. ఇంటికి వచ్చాక రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. నన్నెవరో తిట్టినట్టు నేను, తన మీద ఎవరో నేరం మోపినట్టు ఆయన. మూడో రోజు కంచం దగ్గరే బయటపడింది.

"తినకుంట కూసుండుమని నేను ఎన్నడన్న అడిగిన్నా?" అన్నాడు.

"అడగలే. అందుకే కూసున్న."

కలిపిన ముద్దను కంచంలో పక్కకు పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నీ కండ్లు పోతే నాకెవలు సదివి చెప్తరే? కార్ఖానల రోజు చెప్త నేను, మా ఇంటామె గిట్ల సదివింది, గట్ల చెప్పింది అని. నువ్వు తిన్నవంటేనే నేను ఇంటికొస్త. లేకుంటే ఆడ్నే పండుకుంట."

నేను చదివి చెప్పినవి ఆయన కార్ఖానాలో చెబుతాడని నాకు తెలియదు. కోళ్ళ జబ్బులు కూడా చెప్పాడట.

మర్నాటి నుంచి పట్టిక గోడ మీద లేదు. రెండు పాళీల్లోనూ మారకుండా ఏమేం జరుగుతాయో ఆలోచించాను. మున్సిపాలిటీ నీళ్ళు ఏ పాళీ అయినా ఒకే వేళకు వస్తాయి. నీళ్ళు పట్టడం అయిపోగానే నడక. ఆయన ఇంట్లో ఉన్నా లేకున్నా మొదటి రొట్టె పెనం మీంచి దిగుతుంది. ఆ మొదటి రొట్టె నాది. మాత్రల డబ్బా కంచాల స్టాండులోకి మారింది. ఆయన వచ్చాక నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చుంటాను. కబుర్లు కబుర్లే, ఆకలి ఒక్కటే లేదు. మొదటి రెండు మూడు రోజులు ఇద్దరికీ ఇబ్బందిగా ఉంది. నా కంచం లేని చోటు వైపు ఆయన చూపు పోతుండేది. తర్వాత, నేను ఆకలితో ఉన్నానన్న బరువు లేకుండా కార్ఖానాలో జరిగినవి చెప్పడం సులువైంది ఆయనకు. అంతకు ముందు నోట్లో ముద్దతో నాకు అడ్డు ప్రశ్నలు వేయడానికి వీలుండేది కాదు. ఇప్పుడు వేస్తున్నాను.

ఇంకొకటి నా సొంత ఆలోచన. రోజులకు రెండు కొలతలు పెట్టాను. పెద్ద రోజు అంటే నాకా దాకా నడిచి రావడం, పూర్తి వంట, కూరగాయలు దండిగా. చిన్న రోజు అంటే గ్యాలరీలో ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగు తిరుగుళ్ళు, ఉన్న అన్నంలోనే ఒక గుప్పెడు తగ్గించి పప్పు పెంచుకోవడం. ఏ రోజు ఏదో ఆ రోజే తెలుస్తుంది. ఒంట్లో బాగా లేకపోయినా, ఫాల్ పని మీద పడినా, చుట్టాలు దిగినా చిన్న రోజు. చిన్న రోజుకు సిగ్గు లేదు. లేని రోజు మాత్రం ఉండకూడదు. డాక్టరమ్మకు చెబితే నవ్వి, తన మిగతా పేషెంట్లకూ చెబుతానంది. ఆ మాటకు నేను రిక్షా ఎక్కకుండా నడిచే ఇంటికి వచ్చాను. అది పెద్ద రోజు.

ఆగస్టంతా వానే కాబట్టి అన్నీ చిన్న రోజులే. గ్యాలరీ మీద పదహారు తలుపులు. నేను తిరుగుతుంటే ఒక్కొక్క తలుపు దగ్గర ఒక్కొక్క మాట. లోకల్ రైలు వచ్చింది జరగండి అని ఒకరు, టికెట్ ఎక్కడ కొన్నవమ్మా అని ఒకరు. నేను ఆగకుండా, దారిలో అడ్డుగా ఉన్న బకెట్లు దాటుకుంటూ తిరిగాను. నాలుగో రోజు మరియక్క నా వెనక చేరింది. ఆమె వెనక మూడో గది అత్త, ఆమె మోకాళ్ళ కోసం. గణపతి వచ్చేసరికి మేం ఏడుగురం. ఎదురుగా ఎవరైనా నీళ్ళ బిందెతో వస్తే వరసంతా గోడకు ఆనుకోవాలి. ఆ వరసలో చాలీ రాజకీయాలన్నీ పరిష్కారమయ్యేవి. గణపతికి మోదకం పెడితే సగం తిన్నాను, మిగతా సగం వైష్ణవికి ఇచ్చాను. ఇదివరకైతే ఆ సగంతో వారం పోయేది.

బతుకమ్మ ఆడిన సాయంత్రాలను పెద్ద రోజుల్లో వేసుకున్నాను. అంతంత సేపు చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగింది నడక కాకపోతే ఇంకేమిటి? చలికాలంలో మా మేనకోడలి పెళ్ళి. మూడు రోజులు పెళ్ళివారింట్లోనే. నేను రెండో లడ్డు తీసుకుంటుండగా మా ఆయన వెనక నుంచి చూశాడు.

"ఇది ఏ రోజే? పెద్దదా, చిన్నదా?"

"ఇది పెండ్లి రోజు" అన్నాను.

మరుసటి పూట మళ్ళీ నా రొట్టె, నా తిరుగుళ్ళు. శుక్రవారం కోసం చూడలేదు. ఆ చలికాలం పరీక్షలో చక్కెర దిగింది. దానితోపాటు ఒక పొద్దున, నేనేమీ చేయకుండానే, పుస్తకంలో అటుకులు విడిపోయి అక్షరాలయ్యాయి. అయినా కంటి వెనక మచ్చలు నాకు కనిపించవు కదా. అవి ఎట్లా ఉన్నాయో డాక్టరు చూస్తే తప్ప తెలియదు.

ఈ మే నెలలో కల్యాణ్ వెళ్ళాం. మా ఆయన రాత్రి పాళీ దిగి, ముఖం కడుక్కుని అట్లాగే వచ్చాడు. మళ్ళీ చుక్కలు, మళ్ళీ ఆ బెంచీలు. ఈసారి నా పక్కన ఒక కొత్త మనిషి భయపడుతూ కూర్చుంది. ఆమె నంబరు నేను చూడలేను, నావీ చుక్కల కళ్ళే. మా ఆయనను చూడమన్నాను. రెండు నంబర్లు గుర్తుపెట్టుకోవడానికి ఆయన నిద్ర ఆపుకుంటూ గొణుక్కోవడం వినిపిస్తూ ఉంది. ఏడాది మొత్తం ఆ గదిలో తేలుతుంది.

డాక్టరు ఒక కన్ను చూశాడు, రెండో కన్ను చూశాడు, మళ్ళీ మొదటిది చూశాడు. పాత మచ్చలు చాలామటుకు పోయాయి, కొత్తవి రాలేదు అన్నాడు. ఏం చేశావని అడిగాడు. పెద్ద రోజు చిన్న రోజు అని మొదలుపెట్టాను. బయట వరస చాలా ఉంది కానీ ఆయన మొత్తం విన్నాడు. ఇట్లాగే ఉండు, ఏడాదికి రా, ఇప్పుడు అద్దాలు చేయించుకోవచ్చు, సాయంత్రం దాకా మాత్రం ఏమీ చదవకు అన్నాడు. చదవకు అన్న మాట అంత సంతోషంగా విన్నది జీవితంలో అదే మొదటిసారి.

భివండి బస్సెక్కాం. దారిలో ఎప్పటిలాగే ట్రాఫిక్, బస్సు కదలడం లేదు. నా తిండి వేళ అయింది. ఒళ్ళో డబ్బా తెరిచాను. చుక్కల వల్ల దగ్గరి వస్తువులన్నీ ఒకటే మెరుపు, రొట్టె ఏదో కూర ఏదో తేలడం లేదు. మా ఆయన మాత్ర తీసి నా చేతిలో పెట్టాడు. నేను రొట్టె కోసం తడుముతుంటే డబ్బా తన ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఆగు, కూర మీద పోసుకుంటవు" అని రొట్టె తుంచి, వంకాయ కూర పెట్టి, మడిచి నా చేతికిచ్చాడు.

"నువ్వు తినయ్యా, రాత్రంత నిలబడ్డవు."

"నువ్వు తిను ముందుగాల. నేను సూస్తున్న."

ముందు సీట్లోంచి ఒక ఆడమనిషి మరాఠీలో ఏదో అని నవ్వింది. ఆ నవ్వు నాకు వినిపించింది కానీ కనిపించలేదు. ఆయన ఇంకో ముక్క మడిచి పట్టుకుని ఉన్నాడు. నేను తొందరపడకుండా తిన్నాను.